కుక్కతో హైదరాబాద్ చుట్టుపక్కల నడకలు: ఎక్కడ రానిస్తారు, ఏం చూసుకోవాలి?

మణికొండ_రెండుతోకలు అడిగారు:

ఇంట్లో రెండు కుక్కలున్నాయి. ఒకటి మూడేళ్ళ మగ లాబ్రడార్, 31 కిలోలు. రెండోది నాటు ఆడకుక్క, 17 కిలోలు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. రెండింటికీ రేబీస్, నైన్-ఇన్-వన్ టీకాలు ఈ ఏడాదివి వేయించాం. మామూలు రోజుల్లో పొద్దున గంటసేపు, ఆదివారం ఓ నాలుగు గంటలు ఖాళీ ఉంటుంది. కారుంది. ఏ పార్కుకెళ్ళినా గేటు మీద "పెంపుడు జంతువులకు ప్రవేశం లేదు" అన్న బోర్డే.

మామూలు రోజుల్లో దగ్గర్లో ఎక్కడ నడిపించొచ్చు, ఆదివారం ఏ గుట్టలకు తీసుకెళ్ళొచ్చు, వెంట ఏముండాలి? రెండు విషయాలు ముందే చెప్తున్నా. లాబ్‌కు నీళ్ళు కనిపిస్తే ఆగదు. నాటుదానికి వేరే కుక్క కనిపిస్తే మొరుగుడు ఆగదు.

బండలబాట:

ముందు కుదరనివి తీసేస్తే సగం పని అయిపోతుందండీ. కేబీఆర్, చిలుకూరు దారిలోని మృగవని, వనస్థలిపురం హరిణ వనస్థలి, ఈ మూడూ నేషనల్ పార్కులు. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం కిందికి వస్తాయి కాబట్టి గేటు దగ్గర ఎంత బతిమాలినా లాభం లేదు. అది అర్థంలేని నిబంధన కూడా కాదు. మన కుక్కల నుంచి డిస్టెంపర్, పార్వో అనే వైరస్ జబ్బులు అడవి జంతువులకు అంటుకుంటాయి, నెమళ్ళు నేల మీదే గుడ్లు పెడతాయి, కుక్క వాసన తగిలితే జింకలు మేత వదిలేస్తాయి. గోల్కొండ లాంటి కోటలనూ లెక్కలోంచి తీసేయండి. మెట్రో రైల్లోనూ ఎక్కనివ్వరు. అర్బన్ ఫారెస్టు పార్కులకైతే టికెట్ కౌంటర్ దగ్గర అడిగాకే కుక్కల్ని కారు దించండి. ఎక్కువ చోట్ల వద్దనే అంటారు.

మామూలు రోజులకు మీకు దగ్గర్లో కోకాపేట నియోపోలిస్ రోడ్లున్నాయి. వెడల్పుగా ఉంటాయి, తెల్లవారుజామున బండ్లు తక్కువ. అక్కడి చిక్కల్లా నిర్మాణాలతోనే. ఫుట్‌పాత్ మీద మేకులు, సెంట్రింగ్ కట్టే సన్న ఇనుప తీగ ముక్కలు పడి ఉంటాయి. సైట్ల దగ్గర కాపలాకు కుక్కల గుంపులుంటాయి, కాబట్టి ప్రహరీకి ఆనుకుని కాకుండా రోడ్డుకు అవతలి వైపు నడవండి. కేబీఆర్ లోపలికి రానివ్వకపోయినా బయటి ఫుట్‌పాత్ మీద నడవొచ్చు, నీడ బాగుంటుంది. చుట్టూ తిరిగితే 6 కిలోమీటర్లకు అటూఇటూ వస్తుంది. ఆరు దాటితే నడిచేవాళ్ళ రద్దీ పెరుగుతుంది, మొరిగే కుక్కకు అది పనికిరాదు. నెక్లెస్ రోడ్డు సోమవారం నుంచి శుక్రవారం దాకా ఫరవాలేదు, ఆదివారం వద్దు.

కొండాపూర్‌లో జీహెచ్‌ఎంసీ డాగ్ పార్కుంది. 2018లో తెరిచారు, 1.3 ఎకరాలు. నడకకు అది చాలదు, లీష్ (పట్టుకునే తాడు) విప్పి పరిగెత్తించడానికి పనికొస్తుంది. టీకాల పుస్తకం తీసుకెళ్ళండి. నాటుదాన్ని తిన్నగా లోపలికి తీసుకెళ్ళొద్దు. కంచె బయటే పది నిమిషాలు నడిపించి, లోపలి కుక్కల్ని చూసి కూడా మీ వైపు తిరిగి బిస్కెట్ తీసుకుంటుంటేనే గేటు తీయండి. బిస్కెట్ ముట్టకుండా వాటి వైపే కళ్ళప్పగించి బిగుసుకుపోయిందంటే ఆ రోజుకు వెనక్కి తిప్పేయడమే. లోపలికెళ్ళాక తినేవీ బంతులూ జేబులోంచి తీయొద్దు, కొట్లాటలు వాటి దగ్గరే మొదలవుతాయి.

మీ ఆదివారానికి నా ఓటు ఖాజాగూడ గుట్టలకే. మణికొండ నుంచి పావుగంట. గేటూ లేదు, టికెట్టూ లేదు. ఊరు నాలుగు వైపులా మింగుతున్నా ఇంకా మిగిలిన గ్రానైటు గుట్టలవి, సుమారు 250 కోట్ల ఏళ్ళ వయసు రాయి. పైన దర్గా, ధ్యానానికి వాడే గుహలు ఉన్నాయి, ఆ వైపు కుక్కలతో వెళ్ళకపోవడం మర్యాద. మిగతా గుట్టంతా బాటలే.

అక్కడ ఒక్క విషయం పట్టించుకోవాలి, బండ వేడి. పగలంతా కాగిన బండ సూర్యుడు గుంకినా గంటల తరబడి చల్లారదు. తారు రోడ్డు కంటే ఇది మోసం చేస్తుంది, ఎందుకంటే పైన గాలి చల్లగా తగులుతుంటే మనకు తెలియదు. అందుకే ఫిబ్రవరి నెలాఖరు నుంచి జూన్ దాకా సాయంత్రం గుట్ట వద్దు, పొద్దున్నే వెళ్ళాలి. మేలో హైదరాబాద్‌లో సూర్యోదయం 5.45కు కాస్త ముందే అవుతుంది. 5.15కు నడక మొదలుపెట్టి 6.30కల్లా కారు దగ్గరికి వచ్చేయాలి. డిసెంబర్, జనవరిలో సూర్యోదయమే 6.30 దాటుతుంది, తొమ్మిది దాకా హాయిగా ఉండొచ్చు. అరచేతి వెనక భాగాన్ని బండ మీద 7 సెకన్లు ఆనించి ఉంచలేకపోతే కుక్క పాదాలూ ఓర్చుకోలేవు.

రెండో ఇబ్బంది గాజుపెంకులు. జనం తాగి బండల కేసి కొట్టిన సీసాలవి. కారు ఆపే చోటా, ఎక్కడానికి తేలిగ్గా ఉండే మొదటి చదును బండ మీదా ఎక్కువ. ఆ మొదటి వంద అడుగులు లీష్ పొట్టిగా పట్టుకుని దాటించేయండి.

మూడోది దిగుడు. లాబ్ ఎక్కేటప్పుడు బాగానే ఎక్కుతుంది. దిగేటప్పుడు 31 కిలోల బరువూ ముందు కాళ్ళ మీద పడుతుంది. మీ నడుం ఎత్తుకు మించిన బండ మీంచి దూకనివ్వకండి, ఛాతీ చుట్టూ కట్టే, వీపు మీద పట్టీ ఉన్న హార్నెస్ పట్టుకుని దించండి. ఏడాదిన్నర నిండని లాబ్‌ను అసలు దూకించకూడదు, కీళ్ళు అప్పటికి గట్టిపడవు. ఇంట్లో టైల్స్ మీదే తిరిగే కుక్కకు పాదాల చర్మం మెత్తగా ఉంటుంది. మొదటి రెండు మూడు వారాలు బండ మీద 20 నిమిషాలకు మించొద్దు, తర్వాత మెల్లగా పెంచండి. వానాకాలంలో బండ మీద నాచు పడుతుంది, కుక్క కాలు జారితే లీష్ పట్టుకున్న మనమూ జారతాం.

ఇక మీ లాబ్ నీళ్ళ పిచ్చి. గండిపేట, హిమాయత్‌సాగర్ ఊరికి తాగునీళ్ళిచ్చే చెరువులు, కుక్కను దించొద్దు. అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. చలికాలంలో వలస పక్షులు దిగుతాయి, కుక్క పరిగెడితే అంతా ఒకేసారి లేచిపోతాయి. మిగతా ఊరి చెరువులు చాలావరకు మురుగునీళ్ళే. గుర్రపుడెక్క పచ్చగా పరుచుకున్న చోటు కుక్కకు గడ్డినేలలా కనిపిస్తుంది. దూకిందా, కాళ్ళు తీగల్లో చిక్కుకుని ఈత రాదు. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళతో లెప్టోస్పైరోసిస్ వస్తుంది. దాని టీకా ఏటా వేయించాల్సిందే. నీళ్ళ మీద పెయింటు ఒలికినట్టు ఆకుపచ్చ తెట్టు కనిపిస్తే ఒక్క గుక్క కూడా తాగనివ్వొద్దు.

రాచకొండ_రూటు:

ఖాజాగూడ మంచిదే అన్నా, కానీ ఆదివారం జనం మస్తుంటరు. జర దూరం పోతా అంటే రాచకొండ ఉంది. పద్మనాయక రాజుల కోట గుట్టలు, సిటీకెల్లి 60 కిలోమీటర్లకు అటిటుగ. మణికొండ నుంచి పోను రాను మూడు గంటలు కార్లనే అయితది, గందుకే నాలుగు గంటల ఖాళీ సరిపోదు. ఆరేడు గంటలు పెట్టుకోని చలికాలంల పోవాలె. నీళ్ళు, నీడ నమ్ముకోవద్దు. ఇద్దరు మనుషులు, రెండు కుక్కలంటే ఆరు లీటర్లు కార్ల పెట్టుకో, నాలుగు భుజానికేస్కో.

అక్కడ లీష్ తీసుడు అన్న ముచ్చటే వద్దు. కారణం చెప్త. అడవిపందుల కోసం చేన్ల చుట్టూ దొంగతనంగ కరెంటు తీగలు కడ్తరు. నేలకు జానెడు, మూరెడు ఎత్తుల ఉంటయ్, మనకే కండ్లవడయ్. కుక్క ముక్కు తాకిచ్చిందంటే అయిపాయె. పట్టుకున్న మనకు గూడ ప్రాణం మీదికొస్తది. కొన్ని దిక్కుల పందుల కోసం నాటుబాంబులు గూడ పెడ్తరు, మాంసం వాసనకు కుక్క నోట్లె పెట్టుకుంటది. గందుకే చేను గట్ల మీద నడవకు, బండ్ల బాట మీదనే ఉండు. కింద ఏది కనవడ్డా నోట్లె పెట్టకుండ జాలీ ఉన్న మూతి చిక్కం ఎయ్యి. బట్టది వద్దు, దానితోని నోరు తెరిచి రొప్పరాదు, వేడెక్కి పడిపోతది.

గొర్ల మందలొస్తయ్. కాపరి కుక్కలు ఊకోవు, అవి వాటి పని జేస్తున్నయ్. మంద దూరంల ఉండంగనే బాట దిగి యాభై అడుగులు పక్కకు జరిగి నిలవడు, మంద పోయినంక కదులు. కాపరిని పలకరిస్తే ఆయనే కుక్కల్ని పిలుచుకుంటడు.

పెద్ద బండల కింద తేనెతుట్టెలు యాలాడ్తుంటయ్. పెద్ద తేనెటీగలు, చిన్నయి కాదు. అత్తరు, పొగ, కుక్క మొరుగుడు, మూడూ వద్దు. లేశినయంటే నిలవడి చేతులు ఊపొద్దు, కార్ల వడేదాక ఉరుకుడే. కుక్కను ఇడిశిపెట్టకు.

వికారాబాద్ అనంతగిరి గూడ అందరడుగుతరు. అది రిజర్వు ఫారెస్టు, పైన పద్మనాభస్వామి గుడి. గుడి దిక్కు కుక్కల్ని తోల్కపోకు. అడవి బాటకు ఫారెస్టోళ్ళు సరే అంటెనే పో, లేకుంటే ఘాట్ రోడ్డు పక్కపొంటి నడిపిచ్చి వచ్చెయ్. కోతుల దగ్గర చేతిల తినేటిది పట్టుకోకు. కుక్కను జూస్తే మంద మంద మీదికొస్తయ్, కరిస్తే లోతుగ దిగుతది.

మణికొండ_రెండుతోకలు:

కరెంటు తీగల సంగతి అసలు ఊహించలేదు, థాంక్స్ అన్నా. ఇంకో సందేహం. నియోపోలిస్ అయినా, మా కాలనీ అయినా, వీధికుక్కలు నాలుగైదు కలిసి వస్తే ఏం చేయాలి? కర్ర పట్టుకెళ్ళమంటారు చాలామంది.

వీధిచివర:

కర్ర ఉంటే తప్పు లేదు గానీ ఊపడం తప్పు. గుంపును మూడు రకాలుగా చూడాలి, ఒక్కోదానికి ఒక్కో పద్ధతి.

దూరం నుంచి మొరుగుతూ అక్కడే నిలబడ్డవి తమ హద్దు చెప్తున్నాయి. నాలుగడుగులు వెనక్కేసి వేరే దారి పడితే చాలు. వాటికి వీపు చూపించి పరిగెత్తడమే ప్రమాదం. తోక కిందికి ఊపుతూ వంకరటింకరగా వచ్చేవి వాసన చూసి పోతాయి. లీష్ బిగించకండి. లీష్ బిగిసిందంటే మన కుక్క ఛాతీ పైకి లేస్తుంది, ఎదుటిదానికి అది కొట్లాటకు దిగినట్టే. తోక నిటారుగా, మొరగకుండా, తిన్నగా వచ్చేవాటితోనే జాగ్రత్త. వాటికి మన దేశంలో బాగా పనిచేసేది ఒక్కటే, రాయి తీస్తున్నట్టు నేలకు వంగడం. విసరక్కర్లేదు, మన వీధికుక్కలకు ఆ కదలిక బాగా తెలుసు. అయినా ఆగకపోతే గుప్పెడు బిస్కెట్ ముక్కలు వాటి వెనక్కి పడేలా చల్లి, మీ కుక్కను మీ కాళ్ళ వెనక ఉంచుకుని పక్కకు నడుస్తూ బయటపడండి. మడత గొడుగు ఠక్కున తెరిచినా ఆగుతాయి, కాకపోతే ముందు ఇంట్లో మీ కుక్కలకు అది అలవాటు చేయాలి.

వేళ కూడా ముఖ్యం. మాంసం దుకాణాలు తెరిచే వేళ, చెత్తబండి వచ్చే వేళ, ఎవరైనా అన్నం పెట్టే చోటు, ఈ మూడూ గుర్తు పెట్టుకుని దారి మార్చండి. వానలు తగ్గినప్పటి నుంచి చలికాలం మొదలు దాకా వీధికుక్కల జత కట్టే కాలం, గుంపులు పెద్దవవుతాయి. ఆ తర్వాత పిల్లల తల్లులు ఉంటాయి. పార్క్ చేసిన కార్ల కింద, కాలువ తూముల్లో పిల్లలుంటే ఆ తల్లి హెచ్చరించకుండా వస్తుంది. మీ ఆడకుక్కకు ఆపరేషన్ అయిపోవడం ఇక్కడ కలిసొస్తుంది. ఎదకొచ్చిన కుక్కతో ఆ మూడు వారాలు బయటి నడకలు పెట్టుకోకూడదు.

కరిస్తే, టీకా వేయించిన కుక్కైనా సరే, గాయాన్ని సబ్బుతో, పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి అదే రోజు డాక్టరుకు చూపించండి. టీకా వేయించాం కదా అని ఊరుకోవద్దు, కరిచాక వేసే డోసులు వేరే ఉంటాయి. విడదీయబోయిన మనిషికి గోరు గీసుకున్నా మనిషి ఆసుపత్రికి వెళ్ళాల్సిందే.

ఇంకోటి, వానాకాలం మన ఊరి ప్రత్యేకం. రోడ్డు మీద నీళ్ళు నిలిచినప్పుడు కరెంటు స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్ కంచె, ట్రాఫిక్ సిగ్నల్ పెట్టె, వీటికి పది అడుగుల దూరం. మనం చెప్పులేసుకుంటాం, కుక్క నాలుగు కాళ్ళూ తడి నేల మీదే ఉంటాయి. దానికి షాక్ కొట్టినప్పుడు మనకు చిన్న జలదరింపు కూడా తెలియకపోవచ్చు. మగ లాబ్ స్తంభం దగ్గరే కాలెత్తుతుంది, అదొకటి.

పశువైద్యం_డెస్క్:

పైవాళ్ళు చోట్లు చెప్పారు, నేను శరీరం సంగతి చెప్తాను.

కుక్క మామూలు ఒంటి వేడి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్. 105 దాటితే వడదెబ్బగా లెక్క. ముందు కనిపించేవి: నాలుక చివర వెడల్పై పారలా అవడం, చొంగ జిగటగా తీగలు సాగడం, చిగుళ్ళు ముదురు ఎరుపెక్కడం, నడకలో తూలడం. ఇవి కనిపించిన చోటే ఆగి ఒళ్ళంతా నీళ్ళు పోసి, ఏదైనా అట్టతో గట్టిగా విసరాలి. పొట్ట, గజ్జలు తడవాలి. మామూలు నీళ్ళే చాలు, ఎన్ని పోస్తే అంత మంచిది. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే లోపలి వేడి బయటికి పోదు. చల్లబరుస్తూనే ఏసీ కార్లో ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. 103కి దిగగానే నీళ్ళు పోయడం ఆపాలి, లేకపోతే మరీ పడిపోతుంది. కాస్త తేరుకుందని ఇంటికి తీసుకెళ్ళొద్దు. కిడ్నీలు, రక్తం గడ్డకట్టే తీరు దెబ్బతిన్న సంగతి మర్నాటికి గానీ బయటపడదు. జూన్‌లో మొదటి వానల తర్వాత ఉక్కపోత రోజులు ఎండ రోజులంత ప్రమాదం. గాలిలో తేమ ఉంటే రొప్పినా వేడి తగ్గదు. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకు గుట్టలు వద్దే వద్దు.

నీళ్ళు: కిలోకు రోజుకు 50–60 మిల్లీలీటర్లు మామూలు అవసరం. గుట్ట మీద లాబ్‌కు గంటన్నరకు లీటరు, నాటుదానికి అరలీటరు విడిగా పట్టుకెళ్ళండి. 15–20 నిమిషాలకోసారి 100–150 మిల్లీలీటర్లు ఇవ్వండి, ఒకేసారి గిన్నె నింపొద్దు. బయల్దేరే ముందు రెండు గంటలు తిండి వద్దు. లాబ్ లాంటి లోతైన ఛాతీ కుక్కలకు నిండు కడుపుతో పరిగెడితే కడుపు మెలిపడే ముప్పు ఉంది.

పిడుదులు మన ఊళ్ళో ఏడాది పొడవునా ఉంటాయి, వానల తర్వాత విపరీతం. ఇంటికి రాగానే చెవుల లోపల, వేళ్ళ మధ్య, చంకల్లో, మెడపట్టా కింద, తోక మొదట్లో వేలితో తడిమి చూడాలి. పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా, మెల్లగా లాగాలి. కిరోసిన్, అగ్గిపుల్ల వద్దు. నోటి మాత్రల్లో నెలకోటి వేసేవీ, 12 వారాలు పనిచేసేవీ ఉన్నాయి, బరువును బట్టి డాక్టరు రాస్తారు. అవి పిడుదు కరిచాకే చంపుతాయి, దగ్గరికి రాకుండా ఆపవు. రాకుండా ఆపేవి మెడకు కట్టే మందు పట్టాలు, వీపు మీద వేసే చుక్కలు. వాటిలో పర్మెత్రిన్ ఉంటే ఇంట్లో పిల్లికి విషం. పిడుదు కరిచిన ఒకటి నుంచి మూడు వారాల్లో జ్వరం, తిండి మానడం, చిగుళ్ళు పాలిపోవడం, ముక్కులోంచి రక్తం, ఏది కనిపించినా రక్తపరీక్ష చేయించండి. టిక్ ఫీవర్‌ను నాలుగు రోజులు చూద్దామనుకుంటే ప్లేట్‌లెట్లు పడిపోతాయి.

ముళ్ళ సంగతి కూడా. పల్లేరు కాయలు వేళ్ళ సందుల్లో దిగుతాయి, కుక్క నడుస్తూ నడుస్తూ మూడు కాళ్ళ మీద నిలబడిందంటే అదే. సర్కారు తుమ్మ ముల్లు విరిగి లోపలే ఉండిపోయి వారం తర్వాత చీము పడుతుంది. ఉత్తరేణి గింజలు బొచ్చుకు అంటుకుంటాయి, దువ్వితే పోతాయి. చలికాలం చివర దూలగొండి కాయలు ఎండి రాలే పొదల్లోకి పోనివ్వొద్దు, ఆ నూగు మూతికి అంటితే కుక్క గోకి గోకి పుండు చేసుకుంటుంది. వయ్యారిభామ పడని కుక్కలకు పొట్ట కింద ఎర్రటి దద్దుర్లు వస్తాయి, ఇంటికి రాగానే పొట్ట, కాళ్ళు నీళ్ళతో కడిగితే తగ్గుతుంది.

పాము: బండల సందుల్లో, ఎండుటాకుల కింద ముక్కు పెట్టనివ్వొద్దు. కెవ్వుమని వెనక్కి దూకి మూతో కాలో వాచిందంటే రక్తపింజర, చిన్న పింజర అనుకోండి. వాపు ఉన్నా లేకున్నా కనురెప్పలు వాలి వెనక కాళ్ళు ఈడుస్తుంటే నాగుపాము, కట్లపాము. కోయడం, కట్టు బిగించడం, పసుపు పెట్టడం, ఏదీ వద్దు. నడిపించకుండా ఎత్తుకుని తీసుకెళ్ళాలి, అందుకే గట్టి దుప్పటి ఒకటి బ్యాగులో ఉండాలి. కుక్కకూ మనుషులకిచ్చే విరుగుడు ఇంజెక్షనే. అన్ని క్లినిక్కుల్లో నిల్వ ఉండదు కాబట్టి దారిలోంచే ఫోన్ చేసి అడగండి. నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాల, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి, మీ దగ్గర్లో రాత్రిపూట తెరిచే ఒక క్లినిక్, మూడు నంబర్లూ బయల్దేరే ముందే ఫోన్‌లో ఉండాలి.

బండలబాట:

ఒకటి కలుపుతాను. రెండు కుక్కలూ ఒకే మనిషి చేతిలో ఉంటే గుట్ట ఎక్కొద్దు. రెండింటినీ కలిపే జంట లీష్ రోడ్డు మీద పనికొస్తుంది గానీ, బండల మీద ఒకటి దూకితే రెండోదాన్ని లాగి పడేస్తుంది. బటన్ నొక్కితే సాగే లీష్ కూడా వద్దు, ఆ సన్న తాడు రాతి అంచుకు రాసుకుని తెగుతుంది. రెండు మీటర్ల మామూలు నైలాన్ లీష్, హార్నెస్ కింద రెండు వేళ్ళు దూరేంత బిగువు, అంతే. నాటు కుక్కలు భయపడితే వెనక్కి నడుస్తూ హార్నెస్‌లోంచి జారిపోతాయి, దానికి మెడపట్టా కూడా వేసి రెండింటినీ చిన్న క్లిప్పుతో కలపండి. రెండో మనిషి దొరకని ఆదివారం ఒక్క కుక్కనే తీసుకెళ్ళండి, నాటుదానితో మొదలుపెట్టండి, బండల మీద దాని కాళ్ళే నిలకడ.